అడగనివాళ్ల దగ్గర సర్వీస్ చార్జీ

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అమ్మానాన్నలు అనంతపురం నుంచి వస్తే, బెంగళూరు ఇందిరానగర్‌లో పేరున్న ఒక ఖరీదైన రెస్టారెంట్‌కు తీసుకెళ్లాను. ముందే టేబుల్ బుక్ చేసుకున్నా గుమ్మం దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాం. తిండికి వంక పెట్టను. గుత్తి వంకాయ కూరను మా అమ్మ కూడా మెచ్చుకుంది, ఆవిడ బయటి వంటను మెచ్చుకోవడం అరుదు.

గొడవంతా బిల్లు దగ్గరే. 6,200 రూపాయల తిండికి 10 శాతం సర్వీస్ చార్జీ 620. ఆ రెండూ కలిపి, దాని మీద 5 శాతం జీఎస్టీ 341. మొత్తం 7,161. సర్వీస్ చార్జీ తీసేయమంటే, "మెనూ కింద రాశాం కదా సార్" అన్నాడు మేనేజర్. ఆ అక్షరాలకు మా నాన్న కళ్లద్దాలు చాలలేదు.

హోటళ్లు ఈ చార్జీని తమంతట తాము బిల్లులో కలపకూడదని, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఈ మాట చెప్పి, 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తానన్నాక రెండు నిమిషాల్లో కొత్త బిల్లు వచ్చింది. 6,510.

వడ్డించిన కుర్రాడి చేతిలో మూడు వందలు పెట్టాను. సర్వీస్ చార్జీలో నీకెంత వస్తుందని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అధికారులు ఇలాంటి పెద్ద హోటళ్ల బిల్లులను అప్పుడప్పుడైనా తనిఖీ చేయాలి. పక్క టేబుల్‌వాళ్లు మాత్రం బిల్లు చూడకుండానే కార్డు ఇచ్చేశారు.

– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు