ఓటుకీ ధర్నాకీ మధ్య మాకో చోటు కావాలి

గౌరవనీయులైన పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్‌లో మా వీధి నాలా పొంగి ఇంట్లోకి వచ్చింది. బియ్యం డబ్బా తేలుతూ గుమ్మం దాకా పోయింది. నీళ్లు తోడేశాక గోడ మీద మిగిలిన మరక మా అబ్బాయి నడుం ఎత్తున ఉంది. ఆ డిసెంబర్ 1నే కార్పొరేషన్ ఎన్నికలు. ఇంత జరిగాక జనం బారులు తీరతారనుకున్నాను. నగరమంతా కలిపి పడ్డ ఓట్లు 46 శాతం చిల్లర.

ఆ ఎన్నికల్లో ఒక అభ్యర్థి కోసం ఇంటింటికీ తిరిగాను. మూడో అంతస్తులో ఒక పెద్దావిడ కరపత్రం తీసుకోకుండా, "ఓటేస్తాను సరే, నాలా ఎవరు తీయిస్తారమ్మా, పేరు చెప్పు" అంది. నా దగ్గర పేరు లేదు. ఏం చెప్పాలో మాకు నేర్పారు గానీ, జనం చెప్పింది రాసుకు రమ్మని ఎవరూ అనలేదు.

మరుసటి ఏడాది పూడిక తీయాలని ధర్నాకు కూర్చున్నాం. పద్దెనిమిది మందిమి. అందరికంటే ఎక్కువ నష్టపోయిన పక్కింటి అక్క మాత్రం రాలేదు. నాలుగిళ్లలో పనిచేస్తుంది, ఒక్క పూట మానినా జీతం కోస్తారు. నాలుగో రోజున జేసీబీ వచ్చింది. తీసిన పూడిక గట్టునే పోసి వెళ్లారు. తర్వాతి వానకు అదంతా మళ్లీ నాలాలోకే జారింది.

ధర్నాలు వృథా అనను. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తెగించకపోతే 1993లో సారా ఆగేదా? 1994 ఎన్నికల్లో మద్యనిషేధం హామీగా వచ్చేదా? అక్కడ పోరాటం ముందు నడిచింది, ఓటు దాని వెనక వచ్చింది. ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌ను 2017లో మూసేస్తే, కోర్టుకెళ్లి మరీ తెరిపించుకున్నారు. ఆ చోటు ఉండి తీరాలి. కానీ నాలా పూడిక కోసం కూడా రోడ్డెక్కాల్సిందేనా?

పల్లెకు గ్రామసభ ఉంది. మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతోంది. మా వార్డుకు అలాంటి కమిటీ ఎప్పుడు కూర్చుందో మా వీధిలో ఒక్కరికీ తెలియదు.

మూడు నెలలకోసారి వార్డు జనాన్ని బడి ఆవరణలో కూర్చోబెట్టండి. ఇంజినీరు గారు వచ్చి ఏ పనికి ఎంత ఇచ్చారో, ఎప్పటికి అవుతుందో చదివి వినిపించాలి. ఆదివారం సాయంత్రం పెట్టించండి. ఆ పూట అక్కకు పనులుండవు. ఆమెను నేను తీసుకొస్తాను.

ఇట్లు,
నాలా పక్క వీధి ఓటరు, హైదరాబాద్