స్క్రీన్ గార్డ్ వేయించుకోమని ఇకపై అందరికీ చెప్పం

మా కస్టమర్లందరికీ నమస్కారం.

కొత్త ఫోన్ తెచ్చుకున్నవాళ్లు, డిస్‌ప్లే మార్పించుకున్నవాళ్లు కౌంటర్ దగ్గర అడిగే మాట ఒకటుంది. "అన్నా, గార్డ్ నిజంగా అవసరమా? లేక అమ్ముకోవడానికి చెప్తున్నారా?" అడగాల్సిన మాటే. గార్డ్ చిన్న వస్తువే అయినా దాని మీద మాకు మార్జిన్ బాగానే ఉంటుంది. అందుకే ఈ నెల నుంచి గార్డులు ఎలా అమ్మాలనుకుంటున్నామో, ఎందుకు అలా అనుకుంటున్నామో మీకు విడమరిచి చెప్తున్నాను.

గార్డ్ ముఖ్యంగా గీతలు పడకుండా కాపాడుతుంది. ఫోన్ కింద పడ్డప్పుడు కొంత సాయం చేస్తుంది, అంతే. గార్డ్ ఉంది కదా, స్క్రీన్ పగలదు అని మేం ఎవరికీ మాట ఇవ్వం.

ఇప్పటి ఫోన్ల మీద ఉండేది మామూలు గాజు కాదు. గొరిల్లా గ్లాస్ లాంటి వాటిని సుమారు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం లవణంలో ముంచుతారు. గాజులోని చిన్న సోడియం అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) బయటికి వచ్చేసి, వాటి చోట్లో పెద్దవైన పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. దాంతో పైపొర మొత్తం బిగుసుకుపోతుంది. సన్నటి చీలిక మొదలైనా ఆ బిగువు దాన్ని అంత తేలిగ్గా పాకనివ్వదు. ఇంత గట్టి గాజు ఉన్నా గీతలు మాత్రం పడుతూనే ఉంటాయి.

చాలామంది తాళం చెవుల్ని, చిల్లర నాణేల్ని తిట్టుకుంటారు. కానీ వాటి లోహం మామూలుగా ఫోన్ గాజు కంటే మెత్తన. అసలు శత్రువు ఇసుక. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటుంది. ఎక్కువ ఫోన్ల గాజుకు 6 దగ్గర గీతలు మొదలై, 7 దగ్గరికి వచ్చేసరికి లోతుగా పడతాయి. జేబు అడుగున చేరిన దుమ్ములో అలాంటి ఒక్క రేణువున్నా చాలు. తాళాల గుత్తి ఆ రేణువును గాజుకేసి రుద్దుతుంది, నింద తాళాల మీద పడుతుంది.

రిపేరుకి వచ్చిన ఫోన్‌ని ల్యాంపు కింద కాస్త ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఎదురుగా చూస్తే నున్నగా కనబడిన గాజు మీద వెంట్రుక లాంటి గీతలు అడ్డదిడ్డంగా బయటపడతాయి. వాటి మధ్య ఎక్కడో ఒకటి అంచులు రేగి తెల్లగా ఉంటుంది. గోరు ఆనించి జరిపితే అక్కడ ఆగుతుంది. మాకు భయం ఆ గీతతోనే, ఎందుకంటే గాజు పగిలేటప్పుడు ఇలాంటి లోపం దగ్గరే పగులు మొదలవుతుంది. కొత్తలో రెండుసార్లు పడ్డా ఏమీ కాని ఫోన్, ఏడాది తర్వాత అంతే ఎత్తు నుంచి పడి ముక్కలవడానికి ఇదొక కారణం. గార్డ్ వల్ల అసలు మేలు ఇక్కడే ఉందని నా నమ్మకం. గీత గార్డు మీద పడితే గార్డు మార్చుకుంటాం. అదే గీత స్క్రీన్ మీద పడితే డిస్‌ప్లే మార్చాల్సి వస్తుంది.

ఇక డబ్బాల మీద రాతల గురించి. "9హెచ్" అని చూసి వజ్రం తర్వాత ఇదేనేమో అనుకుంటారు. అది మోస్ స్కేలు మీద 9 కాదు, పెన్సిల్ పరీక్ష. 9హెచ్ రకం పెన్సిల్‌తో గీరినా గీత పడలేదని మాత్రమే దానర్థం. పెన్సిల్ ములుకు గ్రాఫైటూ బంకమట్టీ కలిసినది, ఇసుక దానికంటే ఎంతో గట్టిది. గార్డులకు వాడే టెంపర్డ్ గ్లాస్ (వేడితోనో రసాయనాలతోనో గట్టిపరిచిన గాజు) కూడా గాజే కాబట్టి ఇసుకకు అదీ గీత పడుతుంది. "11డి", "21డి" అనే అంకెలకైతే ఏ ప్రమాణమూ లేదు. ఈ రాతలు చూపించి ఎక్కువ ధర చెప్పడం మా షాపులో ఉండదు. జిగురు అంచులకే ఉందా, మొత్తం పరిచి ఉందా, మందం ఎంత, మీ ఫోన్ అంచుకు సరిగ్గా కూర్చుంటుందా అన్నవే చూసి ఇస్తాం.

"గార్డ్ పగిలింది, లేకపోతే స్క్రీన్ పోయేది" అని సంతోషంగా చెప్పేవాళ్లు చాలామంది. నిజం కావచ్చు, కాకపోనూవచ్చు. గార్డ్ చాలా పల్చటి గాజు, పైగా దాని అంచు బయటికి తేలి ఉంటుంది. స్క్రీన్‌కి ఏమీ కాని చిన్న దెబ్బకు కూడా అది చిట్లుతుంది. బోర్లా పడి, స్క్రీన్ మధ్యలో రాయి గుచ్చుకున్నప్పుడు గార్డ్ పనికొస్తుంది. మూల మీద పడితే గార్డుతో పెద్దగా పని లేదు. అప్పుడు కాపాడేది మూలలు మందంగా ఉండి, స్క్రీన్ కంటే కాస్త ఎత్తుగా అంచున్న కవర్. రెండింట్లో ఒకటే కొంటామంటే మేం ముందు కవరే చూపిస్తాం.

కొన్ని ఫోన్లకు గార్డ్ వేయించుకునే ముందు ఆలోచించమని మేమే చెప్తాం. గెలాక్సీ ఎస్24 అల్ట్రా (2024) గాజు ఎదుటి వెలుతురును బాగా తక్కువగా ప్రతిఫలిస్తుంది. పైన మామూలు గార్డ్ వేస్తే ఆ గుణం పోతుంది. మడిచే ఫోన్ల మీద కంపెనీ వేసిన పొరను మాత్రం దయచేసి పీకొద్దు. 2019లో మొదటి గెలాక్సీ ఫోల్డ్ వచ్చినప్పుడు కొందరు రివ్యూయర్లు దాన్ని మామూలు ప్లాస్టిక్ అనుకుని తీసేస్తే స్క్రీన్లు పాడయ్యాయి. పక్కవాళ్లకు స్క్రీన్ కనబడనివ్వని ప్రైవసీ గార్డ్ అడిగేవాళ్లకు ముందే చెప్పి వేస్తాం, దానితో స్క్రీన్ మసగ్గా కనిపిస్తుంది.

యూవీ జిగురు గార్డులు, అంటే ద్రవ జిగురు పోసి యూవీ (అతినీలలోహిత) లైటుతో గట్టిపరిచి అతికించేవి, వేయడం మానేస్తున్నాం. ఆ ద్రవం ఇయర్‌పీస్‌లోకీ బటన్ల సందుల్లోకీ దిగి గట్టిపడితే, గార్డ్ డబ్బులకు పదింతలు రిపేరుకు పెట్టాలి. వంపు స్క్రీన్లకు దాని బదులు పల్చటి టీపీయూ ఫిల్మ్ (సాగే మెత్తటి ప్లాస్టిక్ పొర) వేస్తాం. దెబ్బకు పెద్దగా ఆగదు, గీతలకు చాలు.

స్క్రీన్ లోపల ఫింగర్‌ప్రింట్ ఉన్న ఫోన్లకు గార్డ్ వేశాక మీ వేలు మళ్లీ నమోదు చేయిస్తాం. తర్వాత మీ వెంట వచ్చినవాళ్ల వేలు కూడా పెట్టి చూడమంటాం. విసుక్కోకండి, దీనికి కారణముంది. 2019లో గెలాక్సీ ఎస్10 మీద స్క్రీన్‌ని కూడా కప్పే కొన్ని సిలికాన్ కవర్లు వేస్తే ఎవరి వేలు పెట్టినా ఫోన్ తెరుచుకుంది. శాంసంగ్ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది.

ఇసుక, సిమెంటు, మట్టి మధ్య పని చేసేవాళ్లు, ఫోన్ పిల్లల చేతికి ఇచ్చేవాళ్లు, నాలుగైదేళ్లు అదే ఫోన్ వాడాలనుకునేవాళ్లు, తర్వాత మంచి ధరకు అమ్మాలనుకునేవాళ్లు తప్పకుండా గార్డ్ వేయించుకోండి. ఎక్కువసేపు ఆఫీసు టేబుల్ మీదే ఉండే ఫోనై, మంచి కవర్ కూడా ఉంటే, గార్డ్ లేదని టెన్షన్ పడక్కర్లేదు.

అంచు చిట్లిన గార్డుతో ఎవరైనా తిరుగుతుంటే ఒకసారి షాపుకి రండి. ఆ సన్నటి పెంకులు బొటనవేలికి గుచ్చుకుంటాయి. కొత్తది కొన్నా కొనకపోయినా పాతదాన్ని తీసి, జిగురు తుడిచి ఇస్తాం, డబ్బులేమీ తీసుకోం.