మంత్రి గారూ, ప్రారంభించిన ఏడాదికి ఆర్కిటెక్టును మళ్లీ ఆ భవనానికి పంపండి

గౌరవనీయులైన ప్రభుత్వ భవనాలు, గృహ నిర్మాణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఆర్కిటెక్చర్ నాలుగో ఏడాది చదువుతున్నాను. మీ శాఖ ఒక ఆసుపత్రో, బడో, కాలనీయో కట్టించి జనానికి అప్పగించిన ఏడాదికి, దాన్ని డిజైన్ చేసిన ఆర్కిటెక్టు తిరిగి అక్కడికి వెళ్లాలి. అందులో ఉండేవాళ్లతో, పనిచేసేవాళ్లతో మాట్లాడాలి. ఏది కుదిరింది, ఏది కుదరలేదు అన్నది రాసి ఇవ్వాలి. ఆ రిపోర్టు ఎవరైనా చదువుకునేలా బయట పెట్టాలి. ఈ పనిని కాంట్రాక్టులోనే రాసి, దానికి విడిగా ఫీజు కట్టాలి. నేను అడిగేది ఇంతే. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి మాత్రం కాస్త ఎక్కువ చోటు పడుతుంది, ఓపిక పట్టండి.

ముందు మా చదువు ఎలా సాగుతుందో చెప్పాలి. ప్రతి సెమిస్టర్‌కూ మాకొక డిజైన్ ప్రాజెక్టు ఉంటుంది. మొదట్లో చిన్న ఇల్లు, తర్వాత బడి, లైబ్రరీ, ఆసుపత్రి, చివరికొచ్చేసరికి ఏకంగా ఒక పేట. సైటు నిజమైనదే ఇస్తారు. ఎన్ని గదులు కావాలో, ఒక్కోటి ఎన్ని చదరపు మీటర్లు ఉండాలో బ్రీఫ్‌లో ఉంటుంది. ఆపైన నెలల తరబడి గీస్తాం, చెరిపేస్తాం, మోడల్ చేస్తాం, జ్యూరీకి (మా డిజైన్ చూసి ప్రశ్నలడిగే బృందం) ముందు రోజు రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టదు. షీట్లు గోడకి తగిలించి నిలబడితే వచ్చే మొదటి ప్రశ్న ‘నీ కాన్సెప్ట్ ఏంటి?’ అని. బాగా మాట్లాడగలిగినవాళ్లు సగం గట్టెక్కినట్టే. ఈ భవనాన్ని రోజూ ఎవరు ఊడుస్తారు, అంత ఎత్తున ఉన్న అద్దాన్ని ఎలా తుడుస్తారు, కరెంటు పోతే ఈ గదిలో ఎలా కూర్చుంటారు అని అడిగే టీచర్లు ఉన్నారు గానీ తక్కువ. మేం కంప్యూటర్లో చేసే బొమ్మల్లో ఆకాశం ఎప్పుడూ నీలంగానే ఉంటుంది. బెలూన్ పట్టుకున్న పాప తప్పకుండా ఉంటుంది (ప్రపంచంలోని అన్ని ఆర్కిటెక్చర్ కాలేజీలకూ ఈ పాప ఒక్కతే అని నా అనుమానం). ఏడుస్తున్న పిల్లాడిని ఎత్తుకుని క్యూలో నిలబడ్డ తల్లి మాత్రం ఎక్కడా కనిపించదు.

ఇందుకు కాలేజీలను తిట్టి లాభం లేదు. కట్టని భవనంలో జనం ఎలా మసలుతారో పరీక్షించి చూడటం ఎవరివల్లా కాదు. ఊహించడం నేర్పడమే స్టూడియో (మా డిజైన్ క్లాసు) పని, అది నాకిష్టం కూడా. ఇబ్బంది ఎక్కడంటే, చదువు పూర్తయ్యాక కూడా ఇదే తంతు. మాకు జ్యూరీ రోజుతో ప్రాజెక్టు అయిపోతుంది. ఆర్కిటెక్టుకు భవనం అప్పగించిన రోజుతో అయిపోతుంది. మీకు రిబ్బన్ కత్తిరించిన రోజుతో. జనం ఆ భవనంతో వేగడం మర్నాటి నుంచి మొదలవుతుంది.

మా ఆసుపత్రి ప్రాజెక్టు కోసం, వాడకంలో ఉన్న ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిని చూడ్డానికి వెళ్లాం. ప్లాన్‌లో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. వెయిటింగ్ హాలు ఉంది, ర్యాంపు ఉంది, గదులకు గాలి ఆడేలా కిటికీలు ఉన్నాయి. లోపలికి వెళ్తే కథ వేరు. ఓపీ చీటీ ఇచ్చే కిటికీ ముందు క్యూ సరిగ్గా స్ట్రెచర్ వచ్చే దారికి అడ్డంగా పెరుగుతోంది. వెయిటింగ్ హాల్లో కుర్చీలు ఖాళీ, ఎందుకంటే అక్కడ కూర్చుంటే డాక్టరు గది దగ్గర పేరు పిలిచేది వినపడదు. అందుకని అందరూ కారిడార్లోనే గోడకి ఆనుకుని నిలబడ్డారు. ర్యాంపు సంగతి ఇంకా బాగుంది. చక్రాల కుర్చీ ఎక్కాలంటే 1 వంతు ఎత్తుకు 12 వంతుల పొడవు ఉండాలన్నది మాకు మొదట్లోనే నేర్పే లెక్క. 60 సెంటీమీటర్ల ఎత్తుకు 7.2 మీటర్ల ర్యాంపు కావాలి. డ్రాయింగులో అలాగే ఉంది. కడుతున్నప్పుడు మురుగు కాలువ అడ్డొచ్చిందట, పొడవును సగానికి కోసేశారు. ఇప్పుడు దాని మీద చక్రాల కుర్చీని నెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. స్కూటర్లు మాత్రం ఇబ్బంది లేకుండా ఎక్కి పైన వరసగా నిలబడుతున్నాయి. ఒక వైపు కిటికీలన్నీ అట్టలతో మూసేసి ఉంటే ఎందుకని అడిగాం. పడమటి ఎండ తట్టుకోలేక అని నర్సు గారు చెప్పారు.

ఈ సంగతులు డిజైన్ చేసినవాళ్లకు ఎవరైనా చెప్పారా అని అడిగితే ఆవిడ నవ్వారు. వాళ్లెవరో తనకు తెలియదన్నారు. ఆ ఆర్కిటెక్టు నిర్లక్ష్యం చేశారని నేననుకోవడం లేదు. డ్రాయింగులు ఇవ్వడం, పని జరిగేటప్పుడు అప్పుడప్పుడు వచ్చి చూడటం వరకే ఒప్పందంలో ఉండి ఉంటుంది. తన ర్యాంపు ఏమైందో ఆయనకు ఈ రోజుకీ తెలియకపోవచ్చు. తెలియనప్పుడు తర్వాతి ఆసుపత్రిలో కూడా అదే వెయిటింగ్ హాలు గీస్తారు, గీయక ఏం చేస్తారు?

ప్రైవేటు మనిషి ఇల్లు కట్టుకుంటే తప్పు ఆ ఒక్క ఇంటితో పోతుంది. ప్రభుత్వం సంగతి అలా కాదు. ఒక టైప్ డిజైన్ చేయించి అదే ప్లానును వందల చోట్ల కట్టిస్తారు. అందులో మంచి ఉంది: ఖర్చు ముందే తెలుస్తుంది, డ్రాయింగులు మళ్లీ చేయించక్కర్లేదు, పని త్వరగా మొదలవుతుంది. కానీ టైప్ డిజైన్‌లో క్యూ స్ట్రెచర్‌కు అడ్డమైతే, కట్టిన ప్రతిచోటా అడ్డమవుతుంది. రోడ్డు ఎటు ఉంటే అటు ప్లానును తిప్పేస్తే, ఉత్తరం చూడాల్సిన కిటికీలు పడమర చూస్తాయి. మొదటి భవనం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిపాక, ఎవరైనా వెళ్లి రాసుకొచ్చే నాలుగు పేజీలు మిగతా వందకీ పనికొస్తాయి. నేనడిగే వాటిలో ఒక్కటే ఒప్పుకోగలనంటే దీన్ని ఒప్పుకోండి: మొదటి విడత వాడకంలో ఏడాది గడిచి, దాని రిపోర్టు చేతికి వచ్చేదాకా రెండో విడత పునాది తవ్వొద్దు.

మా పాఠాల్లో తరచూ వచ్చే పేరు ప్రూయిట్-ఐగో. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పేదల కోసం ప్రభుత్వం కట్టించిన కాలనీ. 11 అంతస్తుల భవనాలు 33, వాటిలో 2,870 ఫ్లాట్లు. ఆర్కిటెక్టు మినోరు యమసాకి. 1954లో జనం చేరడం మొదలైంది, 1972లో కూల్చడం మొదలైంది, 1976కల్లా మొత్తం నేలమట్టమైంది. దీన్ని చూపించి ‘చూశారా, ఆర్కిటెక్టుల పని’ అనడం తేలిక. యమసాకి మొదట ఇచ్చిన ప్లానులో తక్కువ ఎత్తు ఇళ్లూ, ఎత్తయిన భవనాలూ కలిసి ఉన్నాయి. ఖర్చు పరిమితి పెట్టి అన్నిటినీ ఒకే ఎత్తుకు తెచ్చారు. నేల అంతస్తులో మరుగుదొడ్లు, పిల్లల ఆటస్థలాలు, చెట్లు మొదట కోత పడ్డవాటిలో ఉన్నాయి. లిఫ్టు ప్రతి మూడో అంతస్తులోనే ఆగేది. అక్కడి పొడవాటి వరండాల్లో పిల్లలు ఆడుకుంటారని, ఇరుగుపొరుగు కలుసుకుంటారని కాగితం మీద అనుకున్నారు. వాడకంలో అవి దొంగతనాలకు, దాడులకు అనువైన చోట్లయ్యాయి. దానికి తోడు నిర్వహణ ఖర్చు అద్దెల్లోంచే రావాలన్న నియమం. నగరంలో జనాభా తగ్గి ఫ్లాట్లు ఖాళీ అవుతుంటే అద్దెలు పడిపోయాయి, మరమ్మతులు ఆగిపోయాయి, దాంతో ఇంకొందరు ఖాళీ చేసి వెళ్లారు.

ఏడాది తర్వాత ఒక రిపోర్టు రాసి ఉంటే ప్రూయిట్-ఐగో నిలబడేదని నేను అనను. నగరం ఖాళీ కావడాన్ని ఏ ఆర్కిటెక్టూ ఆపలేరు. కానీ లిఫ్టు ఎక్కడ ఆగుతుంది, అక్కడ దిగి ఇంటికి నడిచే ఆడవాళ్లు ఎంత భయపడుతున్నారు అన్నది రోజూ ఆ మెట్లెక్కేవాళ్లను అడిగితే తేలిపోయే విషయం. డిజైన్ తప్పేది, నిధుల తప్పేది, నిర్వహణ తప్పేది అని అప్పటికప్పుడే విడదీసి రాసిన కాగితం ఉంటే, తర్వాత అందరూ కలిసి ఒకరి మీదే నెట్టేయడం కుదరదు. ఆ కాగితం ఆర్కిటెక్టునే కాదు, మంత్రిని కూడా కాపాడుతుంది.

తిరిగి వెళ్లి చూస్తే తప్పులే దొరుకుతాయని కూడా లేదు. ఫ్రాన్స్‌లో బోర్డో నగరం పక్కన పెసాక్‌లో ప్రసిద్ధ ఆర్కిటెక్టు లె కార్బూజియే 1920లలో కార్మికుల కోసం 50 దాకా ఇళ్లు కట్టారు. చదునైన పైకప్పులు, అడ్డంగా సాగే పొడవాటి కిటికీలు. అందులో చేరినవాళ్లు కొందరు కిటికీలు కుదించుకున్నారు, డాబాల మీద వాలు కప్పులు వేసుకున్నారు, ఖాళీ వదిలిన చోట గోడలు కట్టుకున్నారు. బయటినుంచి చూసినవాళ్లకు అది ఘోర పరాజయం. 1960లలో ఒక పరిశోధకుడు అక్కడికి వెళ్లి ఇంటింటా మాట్లాడితే ఇంకో సంగతి బయటపడింది: ఆ ప్లానులో అంత వెసులుబాటు ఉండబట్టే జనం తమకు కావలసినట్టు మార్చుకోగలిగారు. ఆ ఇళ్లలోని అసలు గుణం 40 ఏళ్ల తర్వాత, ఉంటున్నవాళ్లను అడిగితే గానీ తెలియలేదు.

అదే బోర్డోలో 1996లో ఒక చిన్న కూడలిని అందంగా తీర్చిదిద్దమని ఆన్ లకతోన్, జాన్ ఫిలిప్ వస్సాల్ అనే ఆర్కిటెక్టులకు పని అప్పగించారు. వాళ్లు అక్కడ సమయం గడిపి, చుట్టుపక్కల వాళ్లతో మాట్లాడి, ఇది ఇలాగే బాగుంది అన్నారు. కంకర మార్చండి, చెట్లను చూసుకోండి, తరచుగా శుభ్రం చేయించండి, చాలు. అంతకు మించి ఏమీ కట్టలేదు. 2021లో వాళ్లకు ఆర్కిటెక్చర్‌లో అతి పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. మా క్లాసులో దీని మీద పెద్ద వాదన జరిగింది. నాకు తోచింది ఇది: ఆర్కిటెక్టు ఫీజును నిర్మాణ ఖర్చులో ఇంత శాతం అని లెక్క కట్టే చోట, ‘కట్టక్కర్లేదు’ అన్న సలహాకు ఒక్క పైసా రాదు. ‘కట్టినదాన్ని వెళ్లి చూశాను’ అన్నదానికీ అంతే. దేనికి డబ్బు కడితే ఆ పనే జరుగుతుంది.

ఇది నేను కనిపెట్టిన ఆలోచన కాదు. బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ 1960లలో పని దశలన్నిటినీ ఒక పట్టికగా రాసినప్పుడు చివర ‘ఫీడ్‌బ్యాక్’ అని ఒక దశ పెట్టింది. 1970లలో దాన్ని తీసేసింది, దానికి క్లయింట్లు డబ్బు కట్టేలా లేరన్నది ఒక ముఖ్య కారణం. 2013లో భవనం వాడకాన్ని మళ్లీ ఒక దశగా చేర్చింది. బ్రిటన్ ప్రభుత్వమే తన భవనాలకు ‘సాఫ్ట్ ల్యాండింగ్స్’ అనే పద్ధతి తెచ్చింది. భవనం అప్పగించాక కూడా డిజైన్ చేసినవాళ్లు, కట్టినవాళ్లు కొంతకాలం దాన్ని వాడేవాళ్లకు అందుబాటులో ఉండాలి. ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డుకైతే కనీసం ఏడాది వాడకంలో ఉన్న భవనాన్నే తీసుకుంటారు. వడపోతలో మిగిలిన భవనాల దగ్గరికి మనుషుల్ని పంపి చూసి రమ్మంటారు. బహుమతి ఇవ్వడానికే అంత జాగ్రత్త అవసరమైతే, ప్రజల డబ్బుతో అదే ప్లాను మళ్లీ కట్టడానికి అవసరం లేదా?

అమలులో చిక్కులుంటాయని తెలుసు. రిపోర్టు వల్ల ఎవరి ఉద్యోగమో పోతుందంటే ఎవరూ నిజం రాయరు. కాబట్టి దీన్ని విచారణగా పెట్టకండి. నిర్మాణంలో మోసం జరిగితే దాన్ని పట్టుకునే దారులు వేరే ఉన్నాయి. ఆర్కిటెక్టు తన భవనం గురించి తనే మెచ్చుకుంటూ రాసుకునే ప్రమాదం కూడా ఉంది. అందుకే సంబంధం లేని ఇంకొకరిని తోడు పంపాలి. వాళ్లు ముందుగా సూపరింటెండెంట్ గదికి వెళ్లి కాఫీ తాగి రాకుండా, ఊడ్చేవాళ్లతో, వాచ్‌మన్‌తో, క్యూలో ఉన్నవాళ్లతో మాట్లాడాలి. రిపోర్టు కూడా ఆ నర్సు గారు చదివి ‘అవును, నేను చెప్పింది ఇదే’ అనగలిగేంత మామూలు భాషలో ఉండాలి.

ఆ తోడు వెళ్లే మనుషుల కొరత మీకుండదు. చివరి ఏడాది విద్యార్థులందరికీ థీసిస్ ఉంటుంది. మాలో చాలామందిమి ఎప్పటికీ కట్టని మ్యూజియంలు గీస్తూ దాన్ని పూర్తి చేస్తాం. దాని బదులు కట్టిన భవనాలను కొలిచి, చూసి, అడిగి రాయడానికి ఉత్సాహపడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మాకు అడ్డం పడుతున్నది అనుమతి. కెమెరా తీస్తే చాలు, గేటు దగ్గర ఎవరు మీరు, ఎందుకొచ్చారు అంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. మీ శాఖ కింద ఈ ఏడాది ప్రారంభమయ్యే భవనాల్లో ఏవైనా కొన్నిటికి, విద్యార్థులు వచ్చి చూడొచ్చని, డ్రాయింగులు ఇవ్వాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. కాంట్రాక్టు నిబంధన మార్చడానికి సమయం పడుతుందని నాకు అర్థమవుతుంది. ఈ ఉత్తర్వుకు అంత సమయం పట్టదు. దరఖాస్తు ఏ అధికారి పేరున పెట్టుకోవాలో కూడా అందులోనే రాయించండి.

ఇట్లు,
ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి