ఫారం దగ్గర కూర్చునే మనిషి కావాలి: విద్యాశాఖ మంత్రి గారికి కోనసీమ జిరాక్స్ షాపు నుంచి

మంత్రి గారికి నమస్కారమండి.

నాది కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీ ఎదురుగా చిన్న జిరాక్స్ షాపు. చాలా ఏళ్ళుగా అడ్మిషన్ ఫారాలు, స్కాలర్‌షిప్ ఫారాలు నింపి పెడుతున్నాను, ఫారానికి యాభై రూపాయలు తీసుకుంటాను, అంచేత ఈ ఉత్తరం రాయడమంటే నా పొట్ట నేనే కొట్టుకోవడం. అయినా రాస్తున్నాను.

నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాల పిల్లలు, ఎస్సీ పేటల పిల్లలు, సముద్రం ఒడ్డున వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలు. చాలామంది ఇళ్ళల్లో కాలేజీ మొహం చూస్తున్నది వీళ్ళే మొదలు. మధ్యలో మానేస్తే చదువు మీద ధ్యాస లేదంటారు అందరూ. కౌంటర్ వెనక నుంచి నాకు కనపడేది వేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, సైటు ఒప్పుకోదు. ఓటీపీ అమ్మ ఫోనుకి వెళుతుంది, అమ్మేమో కువైట్‌లో ఇంటిపనిలో ఉంది, ఆ సిమ్ రీఛార్జ్ లేక ఎప్పుడో పోయింది. 2021లో ఫీజు డబ్బు తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టినప్పుడు మా గల్ఫ్ తల్లుల సంగతి ఎవరికైనా తట్టిందో లేదో మరి. పైగా అడ్మిషన్లు, వరదలు ఒకేసారి వస్తాయి. ధవళేశ్వరం దగ్గర 13 లక్షల క్యూసెక్కులు దాటి రెండో హెచ్చరిక ఇచ్చారంటే లంకల్లో పడవలు ఆగిపోతాయి, ఫారం గడువు మాత్రం ఆగదు.

మా మేనకోడలి విషయం కూడా చెప్పాలి. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని తన కాలేజీ వాళ్ళు సర్టిఫికెట్లు ఇవ్వలేదు, మా బావ వడ్డీకి తెచ్చి కట్టాడు. సరే, అది పక్కన పెట్టండి.

అమెరికాలో జరిగిన ఒక పరిశోధన గురించి ఈమధ్య చదివి భలే ఆశ్చర్యపోయాను, ఎందుకంటే అది అచ్చం నా షాపులో జరిగే పనే. ఒహాయో, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో పన్ను లెక్కలు రాయించుకోడానికి వచ్చిన తక్కువ ఆదాయం ఇళ్ళవాళ్ళని చీటీలు తీసినట్టు గుంపులు చేశారు. ఒక గుంపుకి అక్కడికక్కడే కూర్చోబెట్టి కాలేజీ సాయం ఫారం నింపి పెట్టారు, ఇంకో గుంపుకి ఎంత సాయం వస్తుందో చెప్పి పంపేశారు. ఫారం నింపి పెట్టిన ఇళ్ళల్లో పన్నెండో తరగతి పిల్లలు కాలేజీలో రెండేళ్ళు చదవడం 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగింది. ఉత్త సమాచారం ఇచ్చిన వాళ్ళలో పెద్దగా మార్పేమీ లేదు! మన దగ్గర కరపత్రాలకి, అవగాహన సదస్సులకి పెట్టే ఖర్చు గుర్తొచ్చింది నాకు.

న్యూయార్క్ సిటీ యూనివర్సిటీలో 2007లో ఏశాప్ అని ఇంకోటి పెట్టారు. ఫీజులో తక్కువపడింది కట్టడం, పుస్తకాలు, ఊళ్ళో తిరగడానికి పాసు, అన్నిటికంటే ముఖ్యంగా తక్కువమంది పిల్లలకి ఒక సలహాదారు, వాళ్ళని తరచూ కలవాల్సిందే. మూడేళ్ళలో డిగ్రీ పూర్తి చేసినవాళ్ళు 22 శాతం నుంచి 40 శాతం అయ్యారు. ఒహాయోలో అదే చేస్తే అక్కడా 19 నుంచి 35కి వెళ్ళింది. తలకి ఖర్చు పెరిగినా, పాసై బయటికొచ్చిన ఒక్కొక్కరి లెక్కన చూస్తే తక్కువే పడిందట.

అక్కడిది ఇక్కడ అచ్చు దించమనడం లేదండి. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేశారు, సంతోషం, కానీ లంక పిల్ల బస్సు దాకా రావాలంటే ముందు రేవు దాటాలి, ఆ పడవకి పాసు లేదు. సచివాలయాల్లో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్లు ఉన్నారు కదా, అడ్మిషన్ల నెలలో వాళ్ళని కాలేజీ గేటు దగ్గర కూర్చోబెట్టండి, ఆ తర్వాత కూడా యాభై మంది పిల్లలకి ఒకరు చొప్పున ఫోను చేసి "ఎందుకు రావట్లేదమ్మా" అని అడిగేలా చూడండి. ముందు డెల్టాలో కొన్ని కాలేజీల్లో, లాటరీ తీసి, మిగతా కాలేజీలతో పోల్చి చూడండి. ఫలితం లేకపోతే మానేయండి, కానీ ఆ లెక్కలు మాకూ చూపించండి.

పేర్ల తేడా సరిచేసే పని మాత్రం ఇంటర్‌లో ఉండగానే మొదలుపెట్టించండి, డిగ్రీ ఫారం దగ్గర తెలిస్తే ఇక టైం చాలదు. మీ వాళ్ళు వచ్చి ఒక రోజు నా షాపులో కూర్చుంటానంటే రెండు కుర్చీలున్నాయి, కరెంటు పోతే ఇన్వర్టర్ కూడా ఉందండి.