రమణకు, పులికాట్ బురదలోంచి

తిరుపతి,
మే, సోమవారం రాత్రి

ఒరేయ్ రమణా,

అమెరికాలో నార్త్ కరోలినా తీరం నుంచి నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కదలని నీళ్లు, మధ్యలో సన్నటి ఇసుక దీవులు. బాగుంది. కానీ "ఇలాంటిది మనవైపు ఎక్కడుంది లేరా" అని రాశావే, అక్కడే కాలింది నాకు. సెలవులకు సూళ్లూరుపేటలో మీ మేనత్త ఇంటికి పోయి పీతల పులుసు తిన్నావు కదా, ఆ పీతలు ఏ చెరువులోవి అనుకున్నావు?

మన పులికాట్‌వే. నిజం చెప్పాలంటే నేనూ దాన్ని చెరువనే అనుకున్నాను. నీ ఫొటోల్లోని పామ్లికో సౌండ్ గురించి (సౌండ్ అంటే మొదట చప్పుడేమో అనుకున్నా) చదివాక తెలిసింది, రెండూ ఉప్పుకయ్యలే, అంటే ఇసుక దీవుల వెనక నిలిచే ఉప్పునీళ్లు. 1524లో వెర్రజానో అనే నావికుడు ఆ దీవుల అవతలి నీళ్లు చూసి పసిఫిక్ మహాసముద్రమే అనుకున్నాడట. ఆయన ఉప్పుకయ్యను సముద్రమన్నాడు, నేను చెరువన్నాను. ఎవరి తెలివి వాళ్లది.

అందుకే నిన్న పొద్దున్నే బస్సెక్కి సూళ్లూరుపేట పోయాను. బావ దగ్గర స్కూటర్ తీసుకుని శ్రీహరికోట రోడ్డు పట్టాను. రాకెట్లు ఎగిరే ఆ శ్రీహరికోటే మన ఇసుక దీవి. దానికీ ఊళ్లకీ మధ్య పులికాట్, దాదాపు 60 కిలోమీటర్ల పొడవు. లోతు మాత్రం చాలాచోట్ల మీటరు దాటదు. మీ ఊరి పక్కన పారే న్యూస్ నది పోయి పామ్లికోలో కలిసినట్టే, ఇక్కడ కాళంగి, ఆరణి వచ్చి కలుస్తాయి.

మే నెల కదా, ఉత్తరం వైపు నీళ్లు లేవు. తెల్లగా ఉప్పు పేరుకుని, నేల అప్పడంలా పగిలి ఉంది. పైన గట్టిగానే ఉందని స్కూటర్ దించాను. పది గజాలు పోగానే వెనక చక్రం కస్సున కూరుకుపోయింది. పైన వేలెడు మందం పెళుసు, కింద నల్లటి బురద, కుళ్లిన గుడ్డు వాసన. పీతల బుట్టతో పోతున్న ఇద్దరు కుర్రాళ్లు లాగి పెట్టారు. "ఎండాకాలం నేలను నమ్మకూడదన్నా" అని నవ్వారు. మీ చెల్లెలికి మాత్రం టైరు పంచరయిందని చెప్పాను.

ఆ కుర్రాళ్ల బాధంతా పులికాట్ సముద్రంలో కలిసే ముఖద్వారం గురించే. వానలకు, తుఫాన్లకు నదులు పొంగితే నీళ్లు ఇసుకను కోసుకుని సముద్రంలోకి దారి చేసుకుంటాయి. ఎండాకాలం నది ఎండిపోతుంది, అలలు ఇసుకను ఒడ్డు వెంబడి మోసుకొచ్చి ఆ దారిని మూసేస్తాయి. సముద్రం నుంచి రొయ్య పిల్లలు లోపలికి రావు. ఉన్న నీళ్లు ఎండకు ఇగిరి ఇంకా ఉప్పెక్కుతాయి. వల వేసేవాడికి అంతకంటే టెన్షన్ ఏముంటుంది?

మీ దగ్గరా ఇదే కథ కదరా. మీ ఆరెగాన్, హాటెరాస్ ద్వారాలు 1846 తుఫానుకు తెగి ఏర్పడ్డవేనట. 1999లో హాటెరాస్ లైట్‌హౌస్‌నే పట్టాల మీద లోపలికి జరిపారట, సముద్రం ఇసుకను తినేస్తోందని. ఇసుక దీవి కాలు నిలవదు, ఎక్కడైనా అంతే.

నవంబరులో రా. అప్పటికి ఫ్లెమింగోలు దిగుతాయి, నీళ్లూ ఉంటాయి, భీమునివారిపాళెంలో పడవెక్కి ఇరకం దీవికి పోదాం. ఈలోగా మీ సౌండ్ నీళ్లు ఒక చుక్క నాలిక మీద వేసుకుని ఎంత ఉప్పగా ఉందో రాయి. నిన్న నేను మనవి రుచి చూశాను, రాత్రి రసంలో కూడా అదే రుచి తగిలింది.

నీ
శీను