పది రూపాయల బిళ్ల చెల్లుతుందని చెప్పేవారేరి?

సంపాదకులు గారికి,

అయ్యా,

నేను నలభై ఏళ్లుగా నాణేలు, నోట్లు పోగుచేస్తున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ని. పిల్లలకు వీటి మీద ఆసక్తి లేదు గనుక, రకానికి ఒకటి చొప్పున ఉంచుకుని మిగిలినవి ఖర్చుపెట్టేద్దామని ఈమధ్య బీరువా సర్దాను. 25 పైసలు, అంతకు తక్కువ విలువ గల నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయాయి కాబట్టి పావలాలు, పది పైసలు డబ్బాలోనే ఉండిపోయాయి. రూపాయి, రెండు రూపాయల కాగితాలు, ట్రాక్టరు బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోట్లు, అరవై పైచిలుకు పది రూపాయల బిళ్లలు మాత్రం సంచిలోకి చేరాయి. ఇవన్నీ నేటికీ చట్టప్రకారం చెల్లే డబ్బే.

శ్రీకాకుళం రైతుబజారులో ఆనపకాయ కొని రెండు బిళ్లలు ఇవ్వబోతే, "మళ్లీ నా కాడ ఎవులు తీసుకుంటారు బాబూ?" అని ఆ అమ్మ తిరిగి నా చేతిలో పెట్టేసింది. ఆమెను తప్పుపట్టలేను, ఎందుకంటే ఆమెకు సరుకు ఇచ్చేవాళ్లూ వాటిని తీసుకోరు. రూపాయి గుర్తు లేనిది దొంగ నాణెమని ఒకరూ, గీతలు పదిహేను ఉంటే చెల్లదని మరొకరూ చెబుతున్నారు. రూపాయి గుర్తును ప్రభుత్వం ఆమోదించిందే 2010లో. అంతకు ముందు ముద్రించిన బిళ్ల మీద అది ఎలా ఉంటుంది? హోమీ భాభా, అంబేద్కర్ స్మారకాలతో సహా పది రూపాయల నాణేలు పద్నాలుగు రకాలున్నాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. ఆ ప్రకటన మన సంతల దాకా రాలేదు.

కాగితాల సంగతి ఇంకా చిత్రం. రెండు రూపాయల నోటు ఇస్తే, దాని ముద్రణ ఆగిపోయాక పుట్టిన ఒక కిరాణా కుర్రవాడు ఆర్యభట్ట ఉపగ్రహం బొమ్మను వెలుతురుకు ఎత్తి చూసి, "ఫోన్‌పే కొట్టండి మాస్టారూ" అన్నాడు. అతడే నా చేతిలోని ట్రాక్టరు నోటు చూసి, దీనికి లక్షలు ఇస్తారట కదా, నాకు అమ్ముతారా అని ఆశగా అడిగాడు. పాత నోట్లు కొంటామంటూ తమ పేరు వాడుకుని రుసుములు గుంజేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021లో హెచ్చరించిన మాట అతనికి చెప్పాను, నమ్మినట్టు లేదు.

బిళ్లలన్నీ బ్యాంకులో వేద్దామని వెళ్తే, లెక్కపెట్టే మనిషి లేడు, వచ్చే వారం రమ్మన్నారు. అంగడిలో ఒక చెల్లింపుకు వెయ్యి రూపాయలకు మించి నాణేలు తీసుకోవలసిన పని లేదని 2011 నాణేల చట్టం చెబుతున్నది గానీ, ఖాతాదారుడు బ్యాంకులో జమచేసే నాణేలకు అటువంటి హద్దేమీ లేదు. నూరేసి చొప్పున సంచుల్లో కట్టి ఇచ్చినా, తూకం వేసి అయినా తీసుకోవాలని శాఖలకు రిజర్వు బ్యాంకు సూచనలున్నాయి. మా ఇంటావిడ వాటిని అరసవల్లి హుండీలో వేసేయమంది. చెల్లే సొమ్మును చెల్లనిదన్నట్టు దేవుడికి అంటగట్టడం నాకు మనస్కరించలేదు.

చిల్లర వర్తకులకు ధైర్యం రావాలంటే ముందు బ్యాంకులే గుమ్మం దగ్గర ఈ నాణేల బొమ్మలు తెలుగు వివరణతో అంటించి, బిళ్లలు తెచ్చినవారిని వెనక్కి పంపడం మానాలి. జిల్లా అధికారులు రైతుబజారులోనూ, వారపు సంతల్లోనూ అలాంటి బోర్డులే పెట్టించాలి. ఈలోగా మీ పత్రిక ఆ పద్నాలుగు రకాల బొమ్మలను ఒక మూలనైనా ప్రచురిస్తే, ఆ ముక్క కత్తిరించుకుని, ఇదే సంచితో మళ్లీ ఆనపకాయల అమ్మ దగ్గరికి వెళ్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం