బోల్తా కబుర్లు (ఒకటి కాదు, రెండు సార్లు)
హలో, తెరచాప పడవల రేసులు ఏమయ్యాయని అందరూ విడివిడిగా అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నా. పదకొండేళ్ల గ్యాప్ తర్వాత నేనూ మా బావా హుస్సేన్‌సాగర్‌లో ఒకే ఎంటర్‌ప్రైజ్ ఎక్కాం, అదే, నీలం తెరచాపలతో నాలుగు మీటర్ల పొడవుండే ఇద్దరి పడవ, 1956లో జాక్ హోల్ట్ డిజైన్ చేసింది. చుక్కాని బావది, ముందు తెరచాప నాది.

స్టార్ట్‌కి 5 నిమిషాల ముందు ఒక జెండా, 4 నిమిషాలప్పుడు ఇంకోటి, 1 నిమిషం ఉందనగా ఆ రెండోది దించేస్తారు, ఇంతవరకూ ఇద్దరికీ బాగానే గుర్తుంది. ఆ తర్వాతే గొడవ. తిప్పుతున్నానని ఒక్క మాటైనా అనకుండా బావ పడవ తిప్పేశాడు, బూమ్ (పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) మీదికి వస్తుంటే నేను తల వంచాను గానీ చేతిలో ముందు తెరచాప తాడు వదల్లేదు (తప్పు నాదే, ఒప్పుకుంటున్నా), ఇంకేముంది, నీళ్లలో పడ్డాం. సెంటర్‌బోర్డు (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక) మీద నిలబడి వెనక్కి వాలితే పడవ లేస్తుంది, లేచింది కూడా, కానీ ముక్కు గాలికి ఎదురుగా తిప్పుకోకుండా లేపాం కదా, వెంటనే అటువైపు పడిపోయింది. సాగర్ నీళ్ల రుచి మాత్రం అడక్కండి.

చివరి నుంచి రెండో స్థానం మాది. మా వెనకున్నవాళ్లు మధ్యలోనే మానేశారు.

వచ్చే శనివారం పొద్దున్నే ప్రాక్టీసు. ఎవరి దగ్గరైనా ఇంకో జత గ్లవ్స్ ఉంటే తెండి, నా అరచేతులు కొట్టుకుపోయాయి.